మామయ్య కొట్టివేసిన వాక్యం

ఇరవై ఏళ్లుగా అనువాదమే నా జీవనాధారం. ఇంగ్లీషు సాహిత్యంలో పట్టం పుచ్చుకున్న నాటినుంచి కథలు, నవలలు, కోర్టు కాగితాలు, మందు సీసాలపై హెచ్చరికలు ఎన్నో తెలుగు చేశాను. అనువాదం వల్ల మూలమే మారిపోయిన సందర్భం మాత్రం నా అనుభవంలో ఒక్కటే ఉంది. అది ఒకటిన్నర పుటల దానపత్రం. రాసినవారు మా పెద్ద మామయ్య. ఆయన ఇవ్వదలచినది ఒక కారు.

అది సామాన్యమైన కారు కాదు. జాగ్వార్ ఎక్స్.కె. 120. 1948లో లండన్ మోటారు ప్రదర్శనలో తొలిసారి కనిపించి చూపరులను ముగ్ధులను చేసిన స్పోర్ట్స్ కారు. గంటకు 120 మైళ్ల వేగం అందుకోగలదన్న ధీమాతో తయారీదారులు దానికి ఆ అంకె తగిలించారు. 1954లో తయారీ ఆగిపోయేనాటికి ప్రపంచం మొత్తం మీద 12,000 పైచిలుకు మాత్రమే రోడ్డెక్కాయి. స్వదేశానికి తిరిగి వెళ్లిపోతున్న ఒక ఆంగ్లేయ కంపెనీ అధికారి, ఓడ ఖర్చుకు వెనుకాడి అమ్మివేయడం వల్ల, 1950ల చివర వాటిలో ఒకటి కాకినాడలోని మా తాతగారి ఇంటికి చేరింది.

తాతగారి తరువాత అది మామయ్యకు సంక్రమించింది. సముద్రపు గాలి ఇనుమును తినివేసే ఆ ఊళ్లో దానిని తుప్పు పట్టనివ్వకుండా కాపాడటమే ఆయన ఆదివారపు వ్రతం. వేసవి సెలవులకు వెళ్లినప్పుడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని జగన్నాథపురం వంతెన దాటించేవారు. ఎండకు కాగిన తోలు సీటు వాసన, ముందుకు సాగిన ఆ పొడవాటి బానెట్టు నా బాల్యంలో భాగాలు.

మూడేళ్ల కిందట, తన 82వ ఏట, మామయ్య ఒక ధర్మ కంటి ఆసుపత్రిలో శుక్లాలకు ఆపరేషన్ చేయించుకున్నారు. పక్క మంచం మీద ఒక చేపల వేటగాడు ఉండేవాడట. రెండేళ్లుగా చూపు ఆనక వేటకు పోలేకపోయాడు. కట్టు విప్పిన రోజున అతడు తన అరచేతులను అటూ ఇటూ తిప్పి చూసుకుంటూ కూర్చున్నాడని మామయ్య పదేపదే చెప్పేవారు. ఇంటికి వచ్చిన వారంలోనే, కారును ఆ ఆసుపత్రికి ఇచ్చివేస్తానని ప్రకటించారు. పన్ను తప్పించుకోవడానికేనని కొందరు బంధువులు గుసగుసలాడారు. నిజానికి ఆదాయపు పన్నులో విరాళాలకు లభించే మినహాయింపు సొమ్ముకే గాని, వస్తురూపంలో ఇచ్చినదానికి లేదు.

దానపత్రం ఆయన ఇంగ్లీషులో రాశారు. సాక్షి సంతకం అత్తయ్యది. "అర్థం కాని కాగితం మీద నేను సంతకం పెట్టను" అని ఆమె భీష్మించింది. అందుచేత పని నా మీద పడింది.

మొదటి మూడు పేరాలు సాఫీగా సాగాయి. నాలుగవదాని సారాంశం ఇది: ఆసుపత్రివారు ఈ కారును ఎన్నటికీ అమ్మరాదు. ముఖద్వారం వద్ద అద్దాల గది కట్టి అందులో ఉంచాలి. తాతగారి పేరిట ఫలకం వేయించాలి. నెలకొకసారి ఇంజను నడిపించాలి.

ఇంగ్లీషులో అది నిండైన వాక్యం. తెలుగులో మాత్రం ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. 'విరాళం' అంటే మనకు డబ్బు స్ఫురిస్తుంది. 'బహుమతి' పిల్లలకిచ్చేది. చివరికి 'దానం' అని రాసి అత్తయ్యకు చదివి వినిపించాను.

ఆమె ఒక్క క్షణం ఆగి, "దానమంటే నీళ్లు ధారపోసి ఇచ్చేది కదుటే! ఇదేమిటి? ఇచ్చినట్టా, దాచిపెట్టమన్నట్టా?" అంది.

మామయ్య ముఖం ఎర్రబడింది. "నువ్వు తప్పు మాట వేశావమ్మాయ్, ఇంకోటి వెతుకు" అన్నారు నాతో.

ఆ రాత్రి నిఘంటువులు ముందు వేసుకుని కూర్చున్నాను. ఇస్తూ ఇవ్వకుండా ఉండటానికి గౌరవప్రదమైన మాట నాకు దొరకలేదు. పాఠకుల ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ షరతు నిలవాలని నాకూ ఉంది. అద్దాల గదిలో ఉంటే ఎప్పుడైనా వెళ్లి చూసుకోవచ్చు కదా! నా బాల్యానికి ఆసుపత్రి ఖర్చుతో కాపలా పెట్టించాలన్నమాట.

మర్నాడు మామయ్యకు అదే చెప్పాను. "మాట తప్పు కాదు మామయ్యా, మన ఇద్దరి మనసే తప్పు" అన్నాను. ఆ కారు ఆసుపత్రికి ఎందుకు పనికివస్తుందో లెక్క వేశాం. ఉన్నవి రెండే సీట్లు. పైగా 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటి వింటేజ్ వాహనంగా నమోదైన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తప్ప రోజువారీ తిప్పరాదు. అద్దాల గది, మెకానిక్కు, విడిభాగాలు, అన్నీ ఆసుపత్రికి ఖర్చులే. అది దానం కాదు, దత్తత.

అప్పుడు ఆయనే ఒక పాత సంగతి జ్ఞాపకం చేసుకున్నారు. 1964 డిసెంబరులో ఆరవ పాల్ పోప్ బొంబాయి వచ్చినప్పుడు, తాను వాడిన తెల్లని లింకన్ కారును మదర్ థెరీసాకు ఇచ్చి వెళ్లారు. ఆమె దానిని లాటరీ పెట్టి, వచ్చిన సొమ్మును ఆసన్‌సోల్ సమీపంలోని శాంతినగర్ కుష్ఠురోగుల నివాసానికి వినియోగించింది. "పోపుగారి కారునే ఉంచుకోలేదే ఆవిడ!" అని మామయ్య నవ్వారు.

నేను ఇంకొకటి చెప్పాను. ఇంగ్లండులో రిచర్డ్ కోల్టన్ అనే ఆయన తన రెండు ఫెరారీ కార్లను వీలునామాలో రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్‌కు రాసి 2015లో మరణించారు. సముద్రంలో ఆపదలో చిక్కినవారిని రక్షించే ఆ సంస్థ 1824లో పుట్టి, నేటికీ ప్రధానంగా ప్రజల విరాళాల మీదనే నడుస్తోంది. 2015 అక్టోబరులో డక్స్‌ఫర్డ్‌లో వేలం వేయగా ఆ రెండు కార్లకు సుమారు 85 లక్షల పౌన్లు వచ్చాయి. హేస్టింగ్స్ తీరాన ఉన్న రక్షక పడవ ఇప్పుడు ఆయన పేరు, ఆయన భార్య పేరు ధరించి ఉంది. కార్లు ఏ ధనికుల షెడ్డుల్లో ఉన్నాయోగాని, పడవ మాత్రం తుపానులోకి వెళ్తోంది.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. తరువాత కలం తీసుకుని నాలుగవ పేరాను అడ్డంగా కొట్టివేశారు. ఆ స్థానంలో "ఆసుపత్రివారు తమ ఇష్టప్రకారం వినియోగించుకోవచ్చును" అని తెలుగులో స్వహస్తాలతో రాశారు. అనువాదం అక్కరలేకపోయింది.

29, 30 నంబరు ఫారాలపై సంతకాలు ముగిసిన రోజున అత్తయ్య చెంబుతో నీళ్లు తెచ్చింది. మామయ్య ఆసుపత్రి అధికారి దోసిట ధారపోశారు. ఆ నీళ్లు జారిపోయేటప్పుడు ఆయన చేయి వణకడం నేను చూశాను. కారు లారీ ఎక్కి వీధి మలుపు తిరిగేవరకు మామయ్య అరుగు మీదనే నిలబడ్డారు.

ఆసుపత్రివారు దానిని పాత కార్ల అభిరుచి గల ఒకరికి అమ్మి, వచ్చిన సొమ్ముతో తీరగ్రామాలు తిరిగి కంటి పరీక్షలు చేసే వ్యాను కొన్నారు. తెల్లని, చదరపు, ఏ అందమూ లేని బండి. కిందటి సంక్రాంతికి నేను వెళ్లినప్పుడు, ఆ వ్యాను దారిలో మా వీధిన ఆగింది. మామయ్య చేతికర్ర పుచ్చుకుని మెట్లు దిగి వెళ్లారు. బానెట్టు ఎత్తించారు. ఇంజను శబ్దం చెవి ఒగ్గి విన్నారు.

"ఆయిలు మార్చి ఎన్నాళ్లయిందయ్యా?" అని డ్రైవరును గద్దించారు.

ఆ వ్యాను మీద మా తాతగారి పేరు లేదు.