జేసీబీ వచ్చిందంటే కొత్తవాడ పోరగాళ్లకు పండగే

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రి దాటి కొత్తవాడ గల్లీల్లోకి తిరిగితే, ఒకప్పుడు కళ్లు మూసుకున్నా ఎక్కడున్నామో తెలిసిపోయేదట. ఏ ఇంటి ముందు నిలబడ్డా మగ్గం చప్పుడే. ఇప్పుడూ ఉంది, కాకపోతే మరమగ్గాల రొదలో చేతిమగ్గం వినబడాలంటే కాస్త చెవి రిక్కించాలి. 2018లో జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ దర్రీలకు ఇదే అడ్డా. ఇక్కడివాళ్లు జంపఖానాలంటారు. పెళ్లిలోనో, ఊరి మీటింగ్‌లోనో మీరు బాసింపట్టు వేసుకుని కూర్చున్న చారల జంపఖానా ఈ గల్లీల్లో పుట్టిందే కావచ్చు.

నేను వెళ్లింది వాటిని చూడ్డానికే. కానీ ఆ రోజు గల్లీలో అసలు హీరో వేరు. డ్రైనేజీ పైపుల కోసం రోడ్డు తవ్వుతున్న పసుపుపచ్చ జేసీబీ.

స్కూలుకు సెలవో, వీళ్లే సెలవు పెట్టేశారో తెలీదు. పదిహేను మంది పిల్లలు అరుగుల మీద వరసగా కూర్చున్నారు. ఇద్దరు గేటెక్కారు. ఒకడు వాళ్ల నాన్న భుజాల మీద. ఒక అమ్మమ్మ గిన్నెలో పెరుగన్నం కలుపుకొచ్చి మనవరాలికి తినిపిస్తోంది. "సూడు బిడ్డా, జేసీబీ మన్ను తింటాంది. నువ్వు గూడ తిను." చందమామను చూపించి తినిపించే డ్యూటీ ఈ బండికి ఎప్పుడు బదిలీ అయిందో గానీ, ముద్ద మాత్రం ఠక్కున లోపలికి పోయింది.

వీళ్ల పరిజ్ఞానం చూస్తే మతిపోతుంది. ఒక చిన్నోడు "ప్రొక్లెయినర్ వచ్చింది" అన్నాడో లేదో, పక్కవాడు గయ్యిమన్నాడు. "గది ప్రొక్లెయినర్ కాదురా, జేసీబీ! ప్రొక్లెయినర్‌కు టైర్లుండయ్, చైనుంటది." నిజమే. పొక్లెయిన్ అనేది ఒక ఫ్రాన్స్ కంపెనీ పేరు. మన నోట్లో నలిగి నలిగి ప్రొక్లెయినర్ అయింది. జేసీబీ కూడా బండి పేరు కాదు, మనిషి పేరు. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఆయన 1945లో ఇంగ్లండ్‌లో పెట్టిన కంపెనీ. మన దేశంలో 1979 నుంచి హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో తయారవుతున్నాయి. జిరాక్స్, డాల్డా లాగా ఇప్పుడు ఏ కంపెనీ బండైనా మనకు జేసీబీయే. నాయకుడొస్తే పూలు కుమ్మరించడానికీ అదే, నాలా పూడిక తీయడానికీ అదే.

పిల్లలు సరే, 2019లో 'జేసీబీ కీ ఖుదాయీ' మీమ్స్ ఫోన్లను ముంచెత్తాయి గుర్తుందా? గుంత తవ్వుతుంటే చుట్టూ చేరి గంటల కొద్దీ చూసే జనం మీద జోకులు. ఆ జోకులకు నేనూ నవ్వాను. ఆ రోజు కొత్తవాడలో అరగంట నిలబడి చూశాక, ఆ జనం మీద గౌరవం కలిగింది.

ఎందుకంటే చూడ్డానికి అందులో నిజంగా ఏదో ఉంది. ఆపరేటర్ ముందు తొట్టితో మట్టి ఎత్తి, సీటును గిర్రున వెనక్కి తిప్పుకుని, వెనక చేత్తో తవ్వుతాడు. తవ్వేముందు బండి రెండు పక్కలా కాళ్లు దించి నేలను అదిమిపెడుతుంది. ఏడు టన్నులు దాటిన ఇనుము, రెండు లివర్లకు లొంగి మోచేయి మడిచినంత మెత్తగా మడుస్తుంది. లోపల జరిగేదంతా నూనె మహిమ. పంపు నూనెను గొట్టాల్లోకి నెడితే, ఆ ఒత్తిడికి సిలిండర్లోని కడ్డీ బయటకు జరుగుతుంది. స్కూల్ సైన్స్ ఫెయిర్‌లో రెండు సిరంజీలను సన్న పైపుతో కలిపి, నీళ్లు నింపి, అట్టముక్కలతో జేసీబీ చేసిన బ్యాచ్ మీ క్లాసులోనూ ఉండే ఉంటుంది. సూత్రం అదే.

మగ్గాల ఇంటి ముందు కూర్చున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను. "పొద్దటిసంది గిట్లనే కూసున్నరు చూడు తమ్మీ. మేము గూడ చిన్నప్పుడు మగ్గం కాడ గిట్లనే కూసునేటోళ్లం" అన్నాడు. తర్వాత లోపలికి తీసుకెళ్లి చూపించాడు. గుంత మగ్గం. నేతగాడు అంచు మీద కూర్చుని కాళ్లు గుంతలో పెట్టుకుంటాడు. కింద చెక్క తొక్కితే పడుగు రెండుగా విడిపోతుంది, మధ్యలోంచి నాడె దూసుకుపోతుంది, ఒక్క దెబ్బతో పేక బిగుసుకుంటుంది. జంపఖానా నూలు లావు కాబట్టి దెబ్బ కూడా గట్టిగా పడాలి. ఇక్కడి పిల్లలు కండెలు చుడుతూ, ఆ గుంత పక్కనే కూర్చుని చూస్తూ పని నేర్చుకున్నారు. పక్కన కూర్చోబెట్టి పాఠం చెప్పినవాళ్లెవరూ లేరు.

నాకు తోచింది ఇది: జేసీబీ పెద్దది కాబట్టో, రంగు బాగుందనో మాత్రమే పిల్లలు అంటుకుపోవడం లేదు. అది వీధిలో, అందరి కళ్ల ముందు, మొదలూ చివరా కనబడేలా పనిచేస్తుంది. ఇలా లాగితే అలా వంగింది, అక్కడ గుంత పడింది. మగ్గమూ అంతే. మరి మన పని? ల్యాప్‌టాప్ ముందు పది గంటలు కూర్చునే నాన్న ఏం చేస్తాడో నాలుగేళ్ల పిల్లకు ఎలా చెప్పాలి? "టైప్ చేస్తడు" అంటుంది, అంతే.

కొత్తవాడకు దగ్గర్లోనే, ఎంజీఎం వైపు, నిజాం కాలం నాటి సెంట్రల్ జైలు ఉండేది. అక్కడి ఖైదీలు కూడా జంపఖానాలు నేసేవారు. 2021 జూన్‌లో ఆ జైలును కూల్చి, 24 అంతస్తుల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి పునాది వేశారు. పని జోరు మీదున్నప్పుడు ఇక్కడి మేడల మీద పిల్లలకు రోజూ టవర్ క్రేన్ల సినిమానే. అప్పట్లో ఒక పాప వాళ్ల తాతను అడిగిన ప్రశ్నను ఆయన ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు: "తాతా, సామాన్లను క్రేన్ పైకెక్కిస్తది. మరి క్రేన్‌ను ఎవలు ఎక్కిచ్చిండ్రు?"

ఇంజినీరింగ్ ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న! జవాబు కూడా అంత అందంగా ఉంటుంది. క్రేన్ తనను తానే ఎక్కించుకుంటుంది. స్తంభం చుట్టూ ఒక పంజరం లాంటి చట్రం ఉంటుంది. అందులోని జాకీ క్రేన్ పైభాగాన్ని కొంచెం లేపుతుంది. ఆ సందులో కొత్త ముక్క దూర్చి బోల్టులు బిగిస్తారు. అలా ఒక్కో ముక్కా పెరుగుతూ బిల్డింగ్‌తో పాటే ఎదుగుతుంది.

ఓరుగల్లు పిల్లలకు విప్పడం, పేర్చడం చూడటం కొత్తేమీ కాదనుకోండి. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని మళ్లీ కట్టడానికి విప్పి, రాళ్లకు నంబర్లు వేసి పెట్టారు. అది తిరిగి లేచి తలుపులు తెరుచుకునేసరికి 2024 మార్చి, శివరాత్రి. నడుమ పుట్టి పెరిగిన పిల్లలకు ఆ మండపమంటే నంబర్లేసిన రాళ్లే.

ఇక అంత సరదాగా చెప్పలేని ముచ్చట ఒకటుంది. 2020 ఆగస్టు వానలకు వరంగల్‌లో కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ తర్వాత నాలాల మీదున్న కట్టడాలను తొలగించారు. అవసరమే, కాదనను. నాలాకు దారి లేకపోతే నీళ్లు ఇళ్లలోకే వస్తాయి. గుంత మగ్గం ఉన్న ఇంట్లో మొదట నిండేది ఆ గుంతే. కానీ కూల్చడానికి వచ్చిన బండి కూడా ఈ పసుపుపచ్చదే. అమ్మ సామాను బయట పెడుతుంటే, సొంత ఇంటి గోడ పడటాన్ని కూడా పిల్లలు కన్నార్పకుండానే చూస్తారు. పెద్దవాళ్లకు అది కోపం తెప్పిస్తుంది. పిల్లల తప్పేముంది? ఏ గుంత దేనికోసమో ఆ బండి చెప్పదు కదా.

గల్లీలో పని మధ్యాహ్నానికి ఆగింది. ఆపరేటర్ దిగి, నీడలో టిఫిన్ డబ్బా విప్పాడు. అప్పటిదాకా తిట్టిన తిట్టు తిట్టకుండా పిల్లల్ని తరుముతూనే ఉన్నాడు. "ఎనక చెయ్యి తిరిగేటప్పుడు పక్కకెవడన్న ఉరికిండనుకో, నాకు కనవడదన్నా. ఇల్లు కూల్చుడు కంటే గీ పోరగాళ్ల నడుమ తవ్వుడే భయం" అన్నాడు. గుంత చుట్టూ కట్టింది ఒక ఎర్ర రిబ్బన్. అదీ ఒక పక్కనే. పిల్లల్ని చూడనివ్వండి, కానీ బారికేడ్ అవతల నుంచి. బారికేడ్ లేకపోతే తవ్వించేవాళ్లను అడగండి.

పని ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే నవ్వాడు. "హెల్పర్‌గా చేరిన. రెండేండ్లు పక్కపొంటి నిలవడి చూసిన. అంతే."

అరుగు మీది పెద్దాయన ఇదంతా వింటున్నాడు. పక్కన మనవడు ఎప్పుడెప్పుడు బండి స్టార్టవుతుందా అని గుంతలోకే చూస్తున్నాడు. పెద్దయ్యాక ఏమవుతావురా అని అడిగాను. ఇంకేముంది, జేసీబీ డ్రైవర్.

"కానియ్" అన్నాడు తాత. "గది గూడ గుంతల పనే. కాకుంటే నీ కాళ్లు పైనుంటయ్."