సొరచేప ముల్లు వెంట ఉత్తరానికి

హైదరాబాద్ శివార్లలోని కౌకూర్ చుట్టూ గ్రానైట్ గుండ్లే. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట, భూగర్భంలో కరిగి ఉన్న రాయి చల్లారి గట్టిపడితే ఏర్పడ్డ బండలివి. అప్పటికి చేపలే పుట్టలేదు. సొరచేపల శిలాజాలు కావాలంటే నీళ్లు బురదను పొరలు పొరలుగా పేర్చిన నేలకు పోవాలి. అందుకే హకీంపేట, శామీర్‌పేట మీదుగా రాజీవ్ రహదారి పట్టాం.

కరీంనగర్ దాకా గుట్టలు వెంటే వచ్చాయి. గోదావరిఖని చేరేసరికి నేల మారింది. సింగరేణి బొగ్గు పొరల వయసు 25 కోట్ల ఏళ్లకు పైమాటే. ఒక్క పూటలో రెండు వందల కోట్ల ఏళ్లు దాటేశామన్నమాట!

మంచిర్యాలలో చేపలమ్మే ఆమె జెల్లల ముళ్లు విరిచి పక్కన పడేస్తోంది. "ముల్లు దిగితే రాత్రంతా సలుపుతది సారూ" అంది. మేం వెతుకుతున్న, ఎప్పుడో అంతరించిన హైబోడాంట్ అనే సొరల ఆయుధమూ అలాంటిదే. వీపు మీద రెండు రెక్కలు, ఒక్కో రెక్క ముందు ఒక ముల్లు, ముల్లు వెనక అంచున కొక్కేలు. సొర అస్థిపంజరమంతా మెత్తని మృదులాస్థి కాబట్టి చచ్చాక ఎక్కువగా మిగిలేవి పళ్లు, ముళ్లే. 1837లో శాస్త్రవేత్త లూయీ అగస్సీ ఆస్టెరాకాంథస్ అనే హైబోడాంట్‌కు పేరు పెట్టింది ముల్లును చూసే.

బెల్లంపల్లి, తాండూరు దాటి రెబ్బెన చేరాం. అక్కడి పైకాసిగూడెం దగ్గర 'కోట' అనే రాతి పొరలు బయటపడి ఉన్నాయి. ఇవి జురాసిక్ కాలపు నీళ్లు పేర్చినవి. పరిశోధకులు ఈ మట్టిరాయిని నానబెట్టి, జల్లెడ పట్టి, సూక్ష్మదర్శిని కింద ఒక్కో రేణువూ ఏరారు. కోట పొరల్లో లోంకిడియన్ అనే చిన్న హైబోడాంట్ పళ్లు దొరికాయి. సముద్రపుది కాదు, మంచినీటి సొర! ఇంతకన్నా పాతవి ఈ ప్రాంతపు మలేరి ఎర్రమట్టి పొరలు. వాటిలో దొరికిన జెనాకాంథస్ సొరల గురించి పరిశోధకుడు ఎస్.ఎల్. జైన్ 1980లో రాశారు. ఆ వంశానికి ముల్లు తల వెనక ఉండేది.

హైబోడాంట్‌లు 6.6 కోట్ల ఏళ్ల కిందటి మహావినాశనంలో పోయాయి. అయినా సముద్రాల్లో కొన్ని సొరలకు వీపు ముళ్లు ఇంకా ఉన్నాయి. గోదావరి జెల్లలు వేరే వంశమైనా అదే ఉపాయం పట్టాయి.

ఇంత దూరం రాలేనివాళ్లు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లొచ్చు. అక్కడ నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ ఎముకలు కోట పొరలవే. దాని ఎత్తు చూసి ఆశ్చర్యపోయాక, ఆ కాలపు ఏరుల్లో ఈదిన చిన్న సొరలనూ ఒకసారి తలుచుకోండి.