మా మూడు చక్రాల బండికి పెద్ద ఇంజను పెట్టిన కథ

కొంచెం పెద్ద పోస్టు, ఓపికుంటే చదవండి. మన ఊళ్లల్లో బైకు కోసి ట్రాలీ తగిలించిన బండ్లు చాలా ఉన్నాయి. "పవర్ చాలట్లేదు, బోరింగ్ చేయిస్తే సరిపోద్దా" అని సెలవులకి ఇంటికెళ్తే ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మేము చేయించాం, ఆ తర్వాత ఇంకా పెద్ద పని కూడా చేసాం. ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

మేము అంటే ఇద్దరం అన్నదమ్ములం. పెద్దోడు పదో తరగతితో ఆపేసి బండి తోలుతున్నాడు. చిన్నోడు హాస్టల్లో ఉండి బీఎస్సీ చదువుతున్నాడు. మా గూడెంలో కాలేజీ గడప తొక్కిన మొదటోడు వీడే. రాసేది చిన్నోడే గాని బండి ఇద్దరిదీ, చేసిన తప్పులు కూడా ఇద్దరివీ. అందుకే మేము అనే రాస్తున్నాం.

మా గూడెం పాడేరు అవతల కొండ మీద. పసుపు, పిప్పళ్ళు, రాజ్మా, కొండచీపుర్లు, ఏది పండినా ఏది కోసినా సంతకి దిగాలి. మునుపు కావిళ్ళు. తర్వాత అయ్య ఒక పాత స్ప్లెండర్ కొన్నాడు. దాని వెనక చక్రం తీసేసి, వెల్డింగ్ షాపులో ఇనప ఇరుసు వేయించి, రెండు చక్రాలు, పైన తొట్టి కట్టించాడు. చైను లాగేది ఎడమ చక్రాన్నే. కుడిది ఊరికే తిరుగుద్ది. బ్రేకు కూడా ఎడమ చక్రానికే ఉంది. అప్పుడు దాని గురించి ఎవరం ఆలోచించలేదు, ఎందుకంటే ఆ బండి బ్రేకు అవసరమయ్యేంత స్పీడు పోయేదే కాదు.

మూడు బస్తాల వరకు బాగానే ఎక్కేది. నాలుగో బస్తా వేస్తే రెండో మలుపులో ఫస్టు గేరులో కూడా ఆగిపోయేది. బస్తా దించి, బండి పైకి తోసి, మళ్ళీ కిందకొచ్చి బస్తా మోసుకెళ్ళేవాళ్ళం. కిందనుంచి ఊళ్ళోకి డిపో బియ్యం, సిమెంటు బస్తాలు తెచ్చేటప్పుడు మరీ కష్టం. అలా ఒక రోజు పోతే ఒక ట్రిప్పు కిరాయి పోయినట్టే. ఆ కిరాయిలోంచే చిన్నోడి పరీక్ష ఫీజు, బస్సు ఖర్చులు.

కింద టౌన్లో ఒక మెకానిక్ "బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్ వేద్దాం, గుర్రంలాగ ఎక్కుద్ది" అన్నాడు. నమ్మేసాం. బ్లాకు లేత్ షాపుకి పంపి, ఒక మిల్లీమీటరు పెద్ద పిస్టన్, కొత్త రింగులు వేసారు. డబ్బులిచ్చేసాక చిన్నోడు హాస్టల్లో కూర్చుని నోటుబుక్కులో లెక్క వేసాడు. ముందే వేయాల్సిన లెక్క అది. స్ప్లెండర్ బోరు 50 మిల్లీమీటర్లు, స్ట్రోకు 49.5. సిలిండర్ ఘనపరిమాణం 97.2 సీసీ. బోరు 51 చేస్తే 101.1 సీసీ. అంటే మేము వేలు పోసి కొన్నది నాలుగు సీసీ కూడా లేదు. నూటికి నాలుగు వంతులు! ఆ ఓవర్‌సైజు పిస్టన్లు ఉన్నది అరిగిపోయిన బ్లాకుని బాగుచేసుకోడానికి గాని, బలం పెంచడానికి కాదు. బళ్ళో ఇదే ఫార్ములాతో ఎన్ని డబ్బాల లెక్కలు చేసామో, మన బండి దగ్గరకొచ్చేసరికి ఒక్కడికీ గుర్తు రాలేదు.

అదే ముందు చైన్ స్ప్రాకెట్ 14 పళ్ళది తీసేసి 13 పళ్ళది వేస్తే? వెనక మాది 42. 42ని 14తో భాగిస్తే 3, 13తో భాగిస్తే 3.23. లాగే బలం నూటికి ఏడెనిమిది వంతులు పెరుగుద్ది, స్పీడు అంతే తగ్గుద్ది. కొండ మీద స్పీడుతో పనేముంది. బోరింగుకి అయిన దాంట్లో పదో వంతు కూడా అవ్వదు. ఆ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మూడు వారాలకి ఇంజను సీజ్ అయిపోయింది. కొత్త పిస్టన్ వేసాక కొన్నాళ్ళు తేలిగ్గా నడపాలి, మేము రెండో రోజే నాలుగు బస్తాలు వేసాం. ఇంకోటి, మొన్న వానాకాలంలో కాళ్ళు తడవకుండా ముందు ఒక రేకు బిగించాం. అది తీయడం మర్చిపోయాం. ఈ ఇంజనుకి రేడియేటర్ ఉండదు, నీళ్ళుండవు. సిలిండర్ చుట్టూ ఉండే రెక్కలకి గాలి తగలాలి, లోపల ఆయిల్ తిరగాలి, అంతే. బైకుగా రోడ్డు మీద పోయేటప్పుడు ఆ గాలి దానంతటదే వస్తది. ఘాట్ మీద ఫుల్లు యాక్సిలరేటరుతో మనిషి నడకంత వేగంలో పోతుంటే వేడి ఎక్కువ, గాలి తక్కువ. దానికి తోడు మా రేకు అడ్డం. రెక్కల మధ్య ఎర్రమట్టి ఎండి ఇటుకలాగ అయిపోయుంది. పుల్లతో గీకితే చాటెడు వచ్చింది. చాలా ఆటోల ఇంజను కూడా గాలితో చల్లబడేదే, కాకపోతే వెనక డబ్బాలో మూసి ఉంటుంది కాబట్టి దానికి సొంతంగా ఫ్యాను పెడతారు. మాకు ఫ్యానూ లేదు, గాలీ లేదు.

పెద్దోడు రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. అప్పుడే చిన్నోడి స్కాలర్‌షిప్ డబ్బులు పడ్డాయి. ఇద్దరం కూర్చుని చాలాసేపు వాదించుకున్నాం. "నీ చదువు డబ్బులు బండిలో పెట్టను" అని వాడు, "బండి లేకపోతే చదువెక్కడిది" అని వీడు. చివరికి ఒక పాత పల్సర్ ఇంజను కొన్నాం. కాగితాలు ఉన్న బండిదే కొన్నాం. కాగితాల్లేని ఇంజను ఎంత చవకైనా ముట్టుకోకండి, దొంగ బండిదైతే కేసు మన మీద పడుద్ది. పేరుకి 150 గాని ఆ పాతదాని బోరు 57, స్ట్రోకు 56.4, లెక్కేస్తే 143.9 సీసీ. మా దానికి ఒకటిన్నర రెట్లు. గేర్లు కూడా ఐదు. ఫ్రేముకి బోల్టు కన్నాలు కలవలేదు, ప్లేట్లు కోసి వెల్డింగ్ చేయించాం. నెల తిరక్కుండా ఒక వెల్డింగ్ చీలింది, మందం ప్లేటుతో మళ్ళీ చేయించాం. రేకు పీకేసాం. ప్రతి ఆదివారం రెక్కలు కడుగుతాం, ఆయిల్ చూస్తాం.

ఎక్కింది. ఐదు బస్తాలతో రెండో మలుపు సెకండు గేరులో ఎక్కింది. అయ్య వెనక నడుస్తూ వచ్చి, పైకెక్కాక బండి ట్యాంకు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఏమీ అనలేదు.

తర్వాత సంతకి ఆరు బస్తాల పసుపుతో దిగుతున్నాం. అప్పటిదాకా ఆరు ఎప్పుడూ వేయలేదు. ఎక్కించగలదు కదా అని వేసాం. దిగేటప్పుడు ఎక్కే బలంతో పనేమిటి? పెద్దోడు తోలుతున్నాడు, చిన్నోడు బస్తాల మీద. మూడో మలుపు ముందు బ్రేకు తొక్కితే కాలిన వాసన వచ్చింది, పెడలు కిందకి పోయింది, బండి ఎడమకి లాగేసింది. పెద్దోడు ఫస్టు గేరులో పడేసి కొండ వైపు గట్టుకి రాసేసాడు. అటు పక్క లోయ. రెండు బస్తాలు దొర్లిపోయి పగిలాయి, రోడ్డంతా పసుపు. పెద్దోడి మోచెయ్యి చీరుకుపోయింది. చిన్నోడు దిగి చక్రం కింద రాయి పెడుతుంటే చేతులు వణికి రాయి రెండుసార్లు జారింది. ఆ పసుపు ఏరుతూ ఎవరం ఎవర్నీ తిట్టుకోలేదు. ఇంట్లో మాత్రం గట్టుకి తగిలిందని చెప్పాం. ఎందుకు తగిలిందో చెప్పలేదు. ఈ పోస్టు అయ్య చదవడు, చదవలేడు కూడా.

ఇంకో మాట కూడా దాచకూడదు. మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ఉంది. కంపెనీ ఇచ్చిన దానికి వేరుగా బండి మార్చకూడదని అందులో ఉంటుంది. మా ఆర్సీలో ఉన్నది రెండు చక్రాల బండి, వేరే ఇంజను. అంటే రేపు ఏదైనా అయితే మేము ఇన్సూరెన్సు అడిగే మొహం కూడా లేదు. అందుకే మనుషుల్ని ఎక్కించట్లేదు. పోయిన నెల మా పిన్ని జ్వరంతో ఉంటే ఎక్కించుకోమని అడిగింది. కాదన్నాం. ఆటో దొరికేదాకా ఆమె పక్కన నడిచాం. ఆమెకి కోపం ఇంకా పోలేదు.

సరైన గూడ్సు ఆటో కొనాలంటే లోను కావాలి, దానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. తిరుగుతున్నాం. అప్పటిదాకా నాలుగు బస్తాలే, దిగేటప్పుడు ఫస్టు గేరే, తొట్టిలో ఎప్పుడూ ఒక చెక్క దిమ్మ. నిన్న రాత్రి పెద్దోడు ఫోన్ చేసాడు. కుడి చక్రానికి కూడా బ్రేకు డ్రమ్ము దొరికిందంట, పాతదే గాని లైనర్లు మంచివంట. చిన్నోడు వచ్చేదాకా బిగించను అన్నాడు. శనివారం పొద్దున్న మొదటి బస్సు.