ఆటలో వయస్సు – అనుభవం

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెతను తరగతిలో ఎన్నిసార్లు వివరించి ఉంటానో లెక్కలేదు. దాని అర్థం నాకు పూర్తిగా బోధపడినది మాత్రం తరగతి గదిలో కాదు. మూడు సంవత్సరాల క్రిందట, మన కళాశాల ఆటస్థలంలో.

ఆ యేడు అంతర కళాశాల ఫుట్‌బాల్ పోటీలకు జట్టును ఎంపిక చేసినవారిలో నేనూ ఒకడిని. బి.ఏ. చివరి సంవత్సరం విద్యార్థి ఒకని పేరు చర్చకు వచ్చింది. తండ్రి మరణించగా చదువు మాని, గుంటూరు మిర్చియార్డులో నాలుగేళ్లు బస్తాలు మోసి, చెల్లెలి పెండ్లి చేసి, తిరిగి కళాశాలలో చేరినవాడతడు. వయస్సు నిబంధనలకు లోబడియే ఉన్నది. కాని పరుగులో మొదటి సంవత్సరం పిల్లలకు వెనుకబడేవాడు. “కుర్రవాళ్లకు అవకాశమిద్దాం” అన్నాను నేను. ఆ మాట నా చెవికే ఎంతో ఉదారంగా వినిపించింది. అతని పేరు కొట్టివేశాం. “ఫరవాలేదు సార్, పిల్లలు బాగానే ఆడతారు” అని మాత్రం అన్నాడతడు.

పిల్లలు బాగానే ఆడారు. విరామానికి ముందే రెండు గోల్స్ చేశారు. తరువాత ప్రత్యర్థులు ఒక్క గోల్ చేయగానే మనవారికి కాలు నిలువలేదు. అందరూ బంతి వెంటనే పరుగెత్తారు. గోలు ముందు కాపలా లేకపోయింది. గీత వెలుపల నిలిచి “వెనక్కు రండి, బంతిని మీ దగ్గరే ఉంచుకోండి” అని అతడు గొంతు చించుకొన్నా వినేవారు లేరు. రెండుకు మూడు గోల్స్‌తో ఓడిపోయాం.

ఇంటికి వస్తుంటే మా నానీ జ్ఞాపకం వచ్చింది. ప్రకాశం జిల్లాలోని మా ఊరిలో మిరపకోతల కాలాన, కల్లంలో పడుచువాళ్లు గంపలకొద్దీ కాయలు మోసుకువచ్చి ఆరబోసేవారు. నానీ ఒకచోటనే కూర్చొని, ఒక కాయను చెవి దగ్గర ఆడించి, గింజల గలగలను బట్టి ఎండినదో లేదో చెప్పేది. ఆమె మాట కాదని పచ్చి ఆరక ముందే బస్తాలకెత్తిన యేడు సరుకు బూజుపట్టింది. మోయుటకు పడుచువాళ్లు కావాలి. ఎప్పుడు ఎత్తాలో చెప్పుటకు నానీ కావాలి.

ఈ విషయమై మన తెలుగుగడ్డ మీదనే ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. 2024లో వచ్చిన ‘మైదాన్’ చిత్రం వలన సయ్యద్ అబ్దుల్ రహీం పేరు మీలో చాలామంది విని ఉంటారు. హైదరాబాదులో 1909లో జన్మించిన ఆయన వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు ఆయన తీసుకువెళ్లిన జట్టులో సికిందరాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం, పి.కె. బెనర్జీ, పీటర్ తంగరాజ్ ఇరవై యేళ్ల కుర్రవాళ్లే. ఆ జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డపైనే 4–2తో ఓడించి, చివరకు నాలుగవ స్థానంలో నిలిచింది.

ఆరేళ్ల తరువాత, 1962 జకార్తా ఆసియా క్రీడలలో ఆ ముగ్గురూ మళ్లీ జట్టులో ఉన్నారు. తొలి పోటీలో దక్షిణ కొరియా చేతిలో మన జట్టు 0–2తో ఓడింది. ఫైనల్లో అదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణపతకం గెలిచింది. ఓటమిలో కంగారుపడకుండుట ఆ కాళ్లు అప్పటికి నేర్చుకొన్నాయి. అప్పటికే క్యాన్సరుతో బాధపడుతున్న రహీం మరుసటి జూన్‌లో కన్నుమూశారు.

ఆస్ట్రేలియాలో వారి సొంత ఫుట్‌బాల్ ఒకటున్నది. జట్టుకు పద్ధెనిమిది మంది. అచ్చట పోటీకి ముందు రెండు జట్ల సగటు వయస్సునే గాక, ఆటగాళ్లు అంతవరకు ఆడిన పోటీల సంఖ్యను కూడ పత్రికలు పోల్చి చూపుతాయి. ఈ రెండు లెక్కలూ వేరని వారు గుర్తించారు. ఏళ్లు వాటంతటవే వస్తాయి. అనుభవం ఎవరో ఒకరు ఆడనిస్తేనే వస్తుంది. ఇరవై యేళ్ల బలరాంను మెల్బోర్న్‌లో ఆడించకపోతే జకార్తాలో అనుభవజ్ఞుడైన బలరాం దొరికేవాడు కాదు. కనుక కుర్రవాళ్లకు అవకాశమివ్వాలనుట నా తప్పు కాదు. వాళ్లు ఎవరిని చూచి నేర్చుకోవాలో అతనినే తొలగించుట నా తప్పు.

మరుసటి యేడు దానిని సరిదిద్దుదామంటే అతడు పట్టా పుచ్చుకొని వెళ్లిపోయాడు. నేను క్షమాపణ చెప్పినప్పుడు నవ్వి ఊరుకొన్నాడు. ఇప్పుడు వీలున్న ఆదివారం వచ్చి మన పిల్లలకు బంతిని కాలి దగ్గర నిలుపుకొనుట నేర్పుతున్నాడు. కాని కళాశాల తరఫున ఆడే ఆ చివరి అవకాశాన్ని నేనతనికి తిరిగి ఇవ్వలేను.

కళాశాల పెద్దలకు నా మనవి ఒక్కటే: ఏ జట్టునైనా ఎంపిక చేయునప్పుడు చివరి సంవత్సరం వారిని ఇద్దరు ముగ్గురిని తప్పక ఉంచండి, మొదటి సంవత్సరం వారిని ఇద్దరినైనా వారి ప్రక్కన నిలపండి. విద్యార్థి మిత్రులారా! బ్రతుకుతెరువు కోసం చదువుకు ఆలస్యంగా వచ్చినవాడు మీ తరగతిలో ఉంటే, అతని వయస్సు చూచి నవ్వకండి. ఆ ఆలస్యంలో అతడేమి నేర్చుకొన్నాడో అడిగి తెలుసుకోండి.