సంగటి మాత్రమే కాదు, పళ్లెం మొత్తం

మధుమేహం, అధిక రక్తపోటు, కాలేయంలో కొవ్వు చేరడం, నడుము చుట్టుకొలత పెరగడం. వీటిని వేర్వేరు జబ్బులుగా భావించి వేర్వేరు వైద్యుల వద్దకు వెళ్లడం మనకు అలవాటు. నిజానికి ఇవి చాలావరకు ఒకే వేరు నుండి పుట్టిన పిలకలు. అవసరానికి మించిన శక్తి ఏళ్ల తరబడి ఒంట్లో చేరి, ఇన్సులిన్ ప్రభావానికి కాలేయమూ కండరాలూ సరిగా స్పందించకపోవడమే ఆ వేరు. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్లు అంచనా వేసింది.

కడప జిల్లా ఖాజీపేట చుట్టుపక్కల పల్లెల నుండి వచ్చే రోగులను చూస్తున్న రోజుల్లో, నలభై దాటిన ఒక ఆటో డ్రైవరు నన్ను అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. పరగడుపు చక్కెర 118, నడుము 98 సెంటీమీటర్లు. "సార్, మా జేజి బతికినన్నాళ్లూ సంగటే తినింది. ఆమెకు ఏ షుగరూ లేదు. నాకెట్ల వచ్చింది?" ఆమె రక్తాన్ని ఎవరూ పరీక్షించి ఉండరన్నది వాస్తవమే. అయినా ఆ ప్రశ్న తోసిపుచ్చదగినది కాదు.

జేజి పళ్లేన్ని ఒకసారి జాగ్రత్తగా చూద్దాం. సంగటి ముద్ద ఒక్కటే కాదు, పక్కన గోగాకో చెంచలాకో వేసి ఎనిపిన పప్పు ఉండేది. ఉలవచారు, అలసందలు, చెనిక్కాయల ఊరిబిండి, పచ్చి ఎర్రగడ్డ ఉండేవి. కొర్రలు, సజ్జలు, జొన్నలు వంతులవారీగా వచ్చేవి. నూనె గరిటెతో కాక చుక్కలతో పడేది. ఆ ముద్ద తిన్నాక ఆమె చేసిన పని కలుపు తీయడం, నీళ్లు మోయడం, కంది కట్టె మోపు నెత్తిన పెట్టుకొని ఇంటికి నడవడం.

అయితే ఆ కాలాన్ని స్వర్ణయుగంగా చిత్రించడం నాకు ఇష్టం లేదు. వానలు తప్పిన ఏడాది ఆ పళ్లెం ఖాళీగానే ఉండేది. కె.సి. కాలువ నీటితో వరి పండిన ఊళ్లలో సైతం కూలివాని ఇంట వరి అన్నం పండుగనాటి వంటే. 1983లో వచ్చిన రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం పేదవాని ఆకలి తీర్చింది. దానిని తప్పుపట్టడం అన్యాయం. చిక్కు మరోచోట ఉంది. అన్నం పెరిగినంతగా పప్పు, ఆకుకూర, గింజలు పెరగలేదు. కాయకష్టం తగ్గింది. ఉదయం దోసెలు లేదా ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం బొరుగులు, చక్కెర టీ, రాత్రి మళ్లీ అన్నం. సంగటిలో కూడా బియ్యం పాలు పెరిగి, రాగిపిండి రంగు కోసమే మిగిలిన ఇళ్లను నేను చూశాను.

ఈ మార్పు ఒంట్లో ఏమి చేస్తుంది? జాతీయ పోషకాహార సంస్థ 2017 నాటి పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములలోపే. రాగులు, సజ్జల్లో సుమారు 11 గ్రాములు. పీచు ఆహారాన్ని జీర్ణాశయం నుండి మెల్లగా వదులుతుంది. చక్కెర రక్తంలోకి ఒక్కసారిగా కాక క్రమంగా చేరుతుంది. పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఆ పీచును పులియబెట్టి తయారుచేసే కొవ్వు ఆమ్లాలు ఇన్సులిన్ పనితీరుకు తోడ్పడతాయి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి 65 అధ్యయనాలను క్రోడీకరించి 2021లో ప్రచురించిన విశ్లేషణలో చిరుధాన్యాల సగటు గ్లైసీమిక్ సూచిక 52.7గా తేలింది. పాలిష్ బియ్యానికి అది 70 దాటింది.

ఈ ధాన్యాలు తిరిగి జనం నోట నానడానికి ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన డాక్టర్ ఖాదర్ వలి గారి ప్రచారం ఒక ముఖ్య కారణం. 2023లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అదే ఏడాదిని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే కొందరు తమంతట తాము తీసే తీర్మానం నన్ను కలవరపెడుతుంది. కొర్రలు మొదలుపెట్టాము గనుక మాత్రలు మానేయవచ్చునని వారు అనుకుంటారు. అలా ఇన్సులిన్ మానేసిన ఒక రైతు మూడు నెలల తరువాత నా వద్దకు వచ్చేసరికి చక్కెర 300 దాటింది, కాలిపుండు ఎముక దాకా పోయింది. ప్రాణం దక్కింది గాని రెండు వేళ్లు తీసివేయవలసి వచ్చింది. కొర్రలు ఆహారం, ఇన్సులిన్ ఔషధం. ఒకదాని స్థానంలో మరొకటి నిలబడదు.

ఏ ధాన్యం తిన్నామన్నది ఎంత ముఖ్యమో, ఎంత తిన్నామన్నదీ అంతే ముఖ్యం. జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలు రోజుకు 2,000 కిలోకేలరీల ఆహారంలో తృణధాన్యాలు, చిరుధాన్యాలు కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పుధాన్యాలు 85 గ్రాములు, గింజలు 35 గ్రాములు ఉండాలని సూచించాయి. మన ఇళ్లలో ఈ లెక్క తలకిందులుగా ఉంది. కూర అన్నానికి నంజుకొనేదిగా మిగిలింది.

ఆ ఆటో డ్రైవరుకు నేను చెప్పినవి ఇవే. పళ్లెంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు పప్పు, ఉలవలు, అలసందలు. మిగిలిన పావే సంగటి గాని, అన్నం గాని. రాగులను పలుచని జావగా కాక గట్టి ముద్దగా తినాలి, ఎందుకంటే జావ త్వరగా అరిగి చక్కెరను త్వరగా పెంచుతుంది. బజ్జీకి బదులు ఉడికించిన చెనిక్కాయలు గుప్పెడు. రోజూ అరగంట వడివడిగా నడక. 2006లో ప్రచురితమైన భారతీయ మధుమేహ నివారణ అధ్యయనంలో, ముందు దశలో ఉన్నవారికి ఆహారం, వ్యాయామాలలో మార్పుల వల్ల మధుమేహం సోకే ముప్పు 28.5 శాతం తగ్గింది. ఏడాది తరువాత అతని నడుము 92కు, పరగడుపు చక్కెర 101కి దిగాయి. ముప్పు పూర్తిగా తొలగలేదు, వెనక్కి తగ్గింది.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు అన్నాన్ని ఒక్కసారిగా తగ్గిస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోతాదును వైద్యుడే సవరించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆకుకూరలు, పప్పులు ఎంత తినాలో అడిగి తెలుసుకోవాలి. పూర్తి శాకాహారులకు బి12 విటమిన్ లోపం రావచ్చు, మెట్‌ఫార్మిన్ దానిని మరింత పెంచుతుంది. ఆ పరీక్ష చేయించుకోవడం మేలు.

ముప్పై దాటిన ప్రతి ఒక్కరూ ఈ వారమే ఒక టేపు తీసుకొని నడుము కొలుచుకోవాలని నా మనవి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే పరగడుపు చక్కెర, రక్తపోటు పరీక్ష చేయించుకోండి. కాళ్లు తిమ్మిరెక్కే దాకా ఆగవద్దు.