మళ్ళీ బయట కూర్చున్న రోజులు

చిన్నప్పుడు తెనాలిలో నెలకు మూడు రోజులు పెరటి వసారాలో కూర్చునేదాన్ని. ఒక చాప, చెంబు, సొట్టపడిన కంచం. గరిటె కంచానికి తగలకుండా అమ్మ పైనుంచి వడ్డించేది. ఎందుకని అడిగితే "అంతే, అడక్కూడదు" అనేది. ఆ 'అంతే' మీద కోపంతోనే చదువుకున్నాను, పాఠాలు చెప్పాను, వ్యాసాలు రాశాను. యాభై రెండేళ్ళకి, ముట్లుడిగిపోయాక, మళ్ళీ బయట కూర్చోవలసి వస్తుందని అనుకోలేదు.

2018లో థైరాయిడ్ కాన్సర్ అని తేలింది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో ఇది దాదాపు మూడింతలు ఎక్కువ. హైదరాబాదులోనే ఆపరేషన్ చేసి గ్రంథి తీసేశారు. మిగిలిన కణాల కోసం రేడియో అయోడిన్ ఇవ్వాలన్నారు. థైరాయిడ్ కణాలు అయోడిన్‌ని ఆబగా పీల్చుకుంటాయి. వాటి ఆకలినే ఆసరా చేసుకుని చేసే వైద్యమిది. మింగిన అయోడిన్ 131 ఆ కణాల్లోకి చేరి వాటిని లోపలినుంచే చంపుతుంది. ముందు రెండు వారాలు అయోడిన్ ఉప్పు, పాలు, పెరుగు, గుడ్లు, చేపలు మాన్పించారు. తర్వాత 100 మిల్లీక్యూరీల మందు, ఒక్క గుళికలో. సీసపు డబ్బాలోంచి దాన్ని తీసిచ్చినాయన నేను మింగగానే గది బయటికి వెళ్ళిపోయాడు.

మూడో రోజున ఒక మీటరు దూరం నుంచి నా ఒంట్లోంచి వచ్చే కిరణాలను కొలిచి ఇంటికి పంపారు. చేతిలో ఒక కాగితం పెట్టారు. వేరే గదిలో పడుకోవాలి. నీళ్ళు బాగా తాగాలి. మందు ఎక్కువగా మూత్రంలోనే పోతుంది కాబట్టి బాత్‌రూం వేరుగా ఉండాలి, రెండుసార్లు ఫ్లష్ చేయాలి. కంచం, తువ్వాలు, బట్టలు విడిగా ఉంచాలి. గర్భిణులకూ పసిపిల్లలకూ పది రోజులు దూరం.

"ఇంట్లో అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగారు. లేరన్నాను. మా అత్తగారు, ఆయన, నేను. అంతే.

అత్తగారు గడప దగ్గర కంచం పెట్టి "మన పాత రోజుల్లా ఉందే అమ్మాయ్" అని నవ్వారు. నేనూ నవ్వాను. నిజానికి నాకు అవమానమనిపించలేదు. ఈ దూరానికి కారణం ఉంది, కొలత ఉంది, ముగింపు ఉంది. అయోడిన్ 131 ఎనిమిది రోజుల్లో సగమవుతుంది, మరో ఎనిమిది రోజులకు ఆ సగంలో సగం. ఒంట్లోంచి అంతకంటే త్వరగానే పోతుంది. మైలని ఏ మీటరూ కొలవలేదు కదా. ఇలా రాసుకుందామని మనసులో వాక్యాలు కూడా పేర్చుకున్నాను.

రెండోరోజు పొద్దున నిద్రలో ఉండగా నా బాత్‌రూంలో బ్రష్షు చప్పుడు వినిపించింది. మా ఇంట్లో పనిచేసే ఆమెకి జ్వరమట, కూతురిని పంపింది. ఆ అమ్మాయికి ఐదో నెల. పక్కన బకెట్లో నేను విడిచిన బట్టలు. అలవాటు ప్రకారం ఎవరో ఉతకమని చెప్పారు. "ముట్టుకోకు, బయటికి వెళ్ళు!" అని అరిచాను.

ఆ పిల్ల బ్రష్షు కిందపెట్టి గడప బయట నిలబడింది. "గట్ల కసురుతున్రేందమ్మా? మేం ముట్టుకుంటే ఏమైతది?" అంది.

తన చేయి నాకు తగలకూడదని అరిచాననుకుంది. ఆమె అలా అనుకోవడానికి ఎన్ని తరాల కారణముందో నాకు తెలుసు. దూరంగానే నిలబడి చెప్పాను, అంటు నీది కాదమ్మా, నాది. అయోడిన్ తల్లి నుంచి బిడ్డకి చేరుతుంది, మూడో నెల దాటేసరికి కడుపులో బిడ్డ థైరాయిడ్ దాన్ని పట్టుకోవడం మొదలుపెడుతుంది. సబ్బుతో చేతులు బాగా కడుక్కోమన్నాను. డాక్టరుకి ఫోన్ చేశాను. ఆ కాసేపటికి భయపడాల్సింది లేదన్నారు. ఆ పిల్ల అంతా విని "మరి ముందుగాల్నే చెప్తే అయిపోవుగద" అంది. తర్వాత మెల్లగా, "రాకుంటే అమ్మ జీతం కట్ చేస్తరా?" అని అడిగింది.

చేయనన్నాను. ఆ పది రోజులూ నా బాత్‌రూం నేనే కడుక్కున్నాను, బట్టలు నేనే ఉతుక్కున్నాను. నా ఎంగిలికంచం గురించి వాక్యాలు పేర్చుకున్న నాకు, నా మురికి కడిగే చేతులు గుర్తురాలేదు. ఇంట్లో ఎవరున్నారని ఆసుపత్రి అడిగితే రక్తసంబంధాలూ పెళ్ళి సంబంధాలే లెక్కపెట్టాను. మా అమ్మ నాకు కారణం చెప్పలేదని జీవితమంతా కోప్పడ్డాను. నేనూ ఆ ఇద్దరికీ చెప్పలేదు. కారణం చెప్పకుండా పెట్టిన దూరం, అది ఎంత శాస్త్రీయమైనదైనా, అవతలివాళ్ళకు అంటరానితనంగానే కనిపిస్తుంది.

మరుసటి ఏడాది స్కాన్ కోసం మళ్ళీ కొద్ది మోతాదులో అయోడిన్ ఇచ్చారు. అదే ప్రశ్న అడిగారు. "ముగ్గురం ఉంటాం. పనికి ఒకామె వస్తుంది. ఒక్కోసారి ఆమె కూతురు చంటిబిడ్డని ఎత్తుకుని వస్తుంది. వాళ్ళకేం చెప్పాలో రాసివ్వండి" అన్నాను.