బండి ముచ్చట

నవలల్లో నాయకుడు ఎప్పుడూ కారే దిగుతాడు. కారు తలుపు తియ్యడం, నల్లకళ్లద్దాలు సవరించుకోవడం, నాయిక తడబడడం - ఇదంతా మీకు తెలిసిందే. పదిహేనేళ్లుగా నేనూ అలాగే దింపుతున్నాను. గోనెసంచుల మధ్యనుంచి దిగే నాయకుణ్ణి రాయమని ఏ సంపాదకుడూ నన్ను అడిగిన పాపాన పోలేదు. అటువంటిదాన్ని పట్టుకుని మా తమ్ముడు "అక్కా, సదువుకున్నదానివి, ఏ బండి కొనాల్నో నువ్వే చెప్పు" అన్నాడంటే, నా బి.ఏ. మీద అతనికున్న గౌరవానికి పొంగిపోయాను. నేను చదివింది చరిత్ర. కాకతీయుల ఏనుగుల గురించి అడిగినా రెండు ముక్కలు చెబుదును. బజార్లో ఏనుగు అంటే టాటా ఏస్ అని అప్పుడే తెలిసింది. 2005లో వచ్చిన ఆ బుల్లి బండికి చోటా హాథీ అని పేరట!

మా పుట్టిల్లు ఆర్మూరు పక్కనే. డాబా ఎక్కితే నవనాథ సిద్ధులగుట్ట రాళ్లు కనిపిస్తాయి. జూన్‌లో పెట్టిన పసుపును సంక్రాంతి దాటాక తవ్వుతారు. తవ్వి, ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి మెరుగు పెట్టి, కొమ్ములు వేరు, మండ వేరు చేసి సంచుల కెత్తితే గాని అది బజారు మొహం చూడదు. నిజామాబాదు యార్డు పాతిక కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ ధర నచ్చకపోతే మహారాష్ట్రలో సాంగ్లీ దాకా పోయేవాళ్లూ వున్నారు. పొలంనుంచి కళ్లానికి ట్రాక్టరు చాలును. సాంగ్లీకి ట్రాక్టరు మీద పోతే ధర మారిపోయాక చేరుకుంటాం!

కనుక ట్రాలీ కావాలి. ట్రాలీ అంటే మా వైపు వెనక తొట్టి వున్న ప్రతి బండీను. కొంచెం పెద్దదైతే డీసీఎం. డీసీఎం టొయోటా అనే కంపెనీ పోయి ఎన్నేళ్లయినా పేరు మాత్రం మన తెలుగువాళ్ల నోళ్లలో పదిలంగా వుంది.

ఇంటినిండా సలహాలే. తమ్ముడికి బొలెరో పికప్ మీద మనసు - 1,700 కిలోలు మోసేది. పక్కింటాయన అశోక్ లేలాండ్ దోస్త్ కొనమన్నాడు. 2011లో నిస్సాన్‌తో కలిసి చేసిన బండి, మూడు సిలిండర్లే, డీజిల్ తక్కువ తాగుతుందని ఆయన మాట. మరొకాయన టాటా యోధా వైపు. ఇంటర్ చదివే మేనల్లుడికి మాత్రం ఇసుజు డి-మాక్స్ కావాలి. "మన శ్రీసిటీలనే 2016 సంది తయారైతుంది అత్తా" అని స్వదేశాభిమానం నూరిపోశాడు గాని, వాడి కళ్లు దాని ముందుభాగపు సోకు మీదే వున్నాయి.

ఇంతలో టెక్సస్‌నుంచి పెద్ద తమ్ముడి కొడుకు ఫోను. వాడికి ఫోర్డ్ ఎఫ్-150 వుంది. "ఎంత బరువు లాగుతుందో చూశారా? నాది సరైన సామగ్రి తగిలిస్తే పదివేల పౌండ్లు లాగుతుంది" అన్నాడు. ఆదివారాలు దాని వెనక పడవ తగిలించుకుని చెరువుకు పోతాడట. మా మరదలు వింతగా విని, "పడవను రోడ్డు మీద గుంజుకపోవుడేంది వదినా, అది నీళ్లల్ల గద ఉండాలె" అంది.

ఈ మరదలు గురించే చెప్పాలి. వారం రోజులుగా మగవాళ్లు ఇంజన్లూ కమాన్ పట్టీలూ మాట్లాడుకుంటుంటే ఆవిడ చాయ్ అందిస్తూ తిరిగింది. ఎవరూ ఆమెనడగలేదు. మొదటి సొమ్ము కట్టడానికి బ్యాంకులో పెట్టబోయేది మాత్రం ఆమె నాలుగు తులాల గొలుసు.

ఓ రాత్రి ఎంగిళ్లెత్తి నా దగ్గర కూర్చుని అడిగింది. "వదినా, పసుపు పైసలు ఏడాదికి ఒక్కపారి వస్తయి. కిస్తీ నెలనెలా గట్టాలె. మిగిలిన పదకొండు నెలలు ఎట్ల?"

అంత చదివిన నాకు ఆ ప్రశ్న తట్టలేదంటే ఆశ్చర్యమేమీ లేదు, నెలజీతం ఇంటి కోడలిని. పసుపు ధరను నమ్ముకోవడం ఎలా వుంటుందో మా జిల్లాకు తెలిసినట్లు ఇంకెవరికి తెలుసు? 2019 లోక్‌సభ ఎన్నికల్లో మద్దతు ధర కోసం, పసుపు బోర్డు కోసం రైతులు పోటీపడి నామినేషన్లు వేస్తే, ఒక్క నిజామాబాదు స్థానానికే 185 మంది అభ్యర్థులయ్యారు. బోర్డు 2025 జనవరిలో నిజామాబాదుకు రానే వచ్చింది. కిస్తీ తారీఖు మాత్రం బోర్డు చేతిలో లేదు.

మరదలు వేళ్లమీద లెక్క చెప్పింది. మార్చి, ఏప్రిల్లో ఎర్రజొన్న మూటల కిరాయి వుంటుంది. అంకాపూర్ కూరగాయలు, మక్క కంకులు దాదాపు ఏడాదంతా. అవి సగం బరువు కూడా వుండవు. అంటే దోస్తే మేలు. అయితే మళ్లీ తనే అడ్డం తిరిగింది: "రాత్రి పదింటికి పెర్కిట్ కాడ ఆగిపోతే చెయ్యి వెట్టేటోడు ఎవడున్నడు? బొలెరో అయితె ప్రతి షెడ్డోనికి ఎరికే." అలా మగవాళ్లు కోరిన బండే నిలిచింది, వాళ్లు చెప్పిన కారణం మాత్రం కాదు.

అసలు పేచీ అక్కడ లేదు. తవ్వకాల కాలంలో తెల్లవారకుండా కూలీలను ఇళ్లదగ్గరనుంచి తెచ్చుకున్నవాడికే మనుషులు దొరుకుతారు. బండి కొంటే పాతికమందిని తొట్టిలో ఎక్కించుకు రావచ్చునని తమ్ముడి ఆలోచన. చాలామంది చేస్తున్నదే. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం చట్టం ఒప్పదు, ఏదైనా జరిగితే ఆ ఆడవాళ్లకు బీమా సొమ్మూ రాదు. అతనికి తెలియక కాదు.

"నా గొలుసు వెట్టి కొన్న బండిల ఆడోళ్లను గొర్ల లెక్క నిలవెడితే నేనియ్య" అంది మరదలు. అందరి ఎదుటా, గొంతు పెంచకుండానే.

"అయితె పసుపెవరు తవ్వుతరు?" అన్నాడు తమ్ముడు. అదీ న్యాయమైన ప్రశ్నే. నా వైపు చూశారు ఇద్దరూ. గొలుసు ఎవరిదో వాళ్ల మాటే వినమన్నాను. తమ్ముడు రెండురోజులు నాతో పొడిపొడిగా మాట్లాడాడు.

బండి దసరాకు వచ్చింది, పసుపురంగు నెంబరు పలకతో. పసుపూ కుంకుమా మరదలే పెట్టింది. సంక్రాంతి తర్వాత కూలీలు రెండు ఆటోల్లో వచ్చారు. మూడు రోజులు మనుషులు చాలక తవ్వకం ఆగిందట. ఆటోల కిరాయి ఏ రోజుకెంతయిందో మరదలు పాలలెక్కల పుస్తకం వెనకపేజీలో రాసిపెట్టింది. తమ్ముడు ఆ పేజీ ఇంకా చూడలేదు.